కొలువుకెక్కిన కారు

మా ఇంటి చరిత్ర ఎక్కడా రాసి లేదు. దసరాకి నాయనమ్మ పెట్టే బొమ్మల కొలువులో ఉంది. మెట్ల మీదకి ఎక్కిన వస్తువు ఏదైనా సరే, అది జరిగిపోయినట్టే లెక్క. మూడో మెట్టు మీద ఒక ఇత్తడి కప్పు ఉంటుంది. మా నాన్న చదువుకునే రోజుల్లో చదరంగంలో గెలిచిన కప్పు అని నాయనమ్మ చెబుతుంది. అది ఎరువుల కంపెనీ ఒకటి డీలర్లందరికీ పంచిన కప్పు. అడుగున యూరియా బస్తా బొమ్మ కూడా ఉంటుంది. అయినా పేరంటానికి వచ్చినవాళ్ళు ఏటా దాని ముందు ఆగి, "చదరంగంలోనా అండీ" అని అడుగుతారు. మా నాన్న ఏటా "ఏదో లెండి" అంటాడు. గుర్రం ఎటు నడుస్తుందో ఆయనకి ఇప్పటికీ తెలియదు.

కొలువుకి ఇంకో నియమం ఉంది. ఏటా కనీసం ఒక్క కొత్త బొమ్మయినా చేరాలి. పెళ్ళయి వచ్చిన ఏడాది నుంచి నాయనమ్మ ఈ నియమం తప్పలేదు. కరోనా ఏడాది కొట్లు మూసేసి బొమ్మలు దొరక్కపోతే, శానిటైజర్ సీసాకి బొట్టు పెట్టి కూర్చోబెట్టింది. అది ఇప్పటికీ ఏనుగుల పక్కనే ఉంది. కొత్తగా చూసినవాళ్ళు ఏ దేవుడో అర్థంకాక, ఎందుకైనా మంచిదని దణ్ణం పెట్టుకుంటారు.

రెండేళ్ళ కిందట, మామిడికాయల లారీలు పలచబడే రోజుల్లో, నాయనమ్మ మా షాపుకి వచ్చింది. మాది తిరువూరులో ఎరువులు, విత్తనాల షాపు. బీకాం పూర్తయ్యాక ఏం చేస్తున్నావని అడిగేవాళ్ళకి చెప్పడానికి నేను అందులో కూర్చుంటాను. ఆవిడ కాసేపు బస్తాలు చూసి, కాసేపు నన్ను చూసి అసలు సంగతికి వచ్చింది.

"ఏరా, నువ్వు ఆ ప్లాస్టిక్ ముక్కలు అంటిస్తావు కదా."

"అంటిస్తాను."

"ఈసారి కొలువుకి మన కారు చేసి పెట్టు."

మన కారు అంటే మా ముత్తాత కొన్న ల్యాండ్‌మాస్టర్. నేను పుట్టక చాలా ముందే తుక్కు కిందకి వెళ్ళిపోయింది. అంబాసిడర్ రాకముందు అదే పెద్ద కారు అంటారు. దాని ఫొటో ఒకే ఒక్కటి ఉంది మా ఇంట్లో. అందులో ముత్తాత కారు ముందు నిలబడ్డాడు. భారీ మనిషి. పంచె అంచు పక్కన ఒక హెడ్‌లైటు, అరచెయ్యంత బంపరు కనిపిస్తాయి. మిగతా కారంతా ముత్తాతే.

ఆ కారు ఇప్పుడెందుకు గుర్తొచ్చిందని అడగాల్సిన పని లేదు. రెండు వీధుల అవతల ఉండే చిన్న నాయనమ్మ, అంటే నాయనమ్మ తోటికోడలు, ముందురోజే ఒక గృహప్రవేశంలో అందరూ వింటుండగా అన్నదట: "అక్క బస్సులో వచ్చింది కాపరానికి. కారులో వచ్చింది నేను."

ఈ కేసు వాళ్ళిద్దరి మధ్య యాభై ఏళ్ళకి పైగా నడుస్తోంది. విస్సన్నపేట నుంచి పెళ్ళికూతురిగా తాను ల్యాండ్‌మాస్టర్‌లోనే దిగానని నాయనమ్మ వాదన. అక్క పెళ్ళి నాటికి ఆ ఇంట్లో కారే లేదని, రెడ్డిగూడెం నుంచి కారులో దిగిన మొదటి కోడలు తానేనని చిన్న నాయనమ్మ వాదన. చూసినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. మా చుట్టాల్లో ఏ పెళ్ళి జరిగినా, పెళ్ళికూతురు కారు దిగుతుంటే ఊరంతా పెళ్ళికూతుర్ని చూస్తుంది. మేము మాత్రం వీళ్ళిద్దర్నీ చూస్తాం.

"అది ఎలాంటిదో నాకు తెలుసురా," అంది నాయనమ్మ. "నేను పోయాక నా పెద్దకర్మ రోజున పులిహోర వడ్డిస్తూ, 'పాపం బస్సులో వచ్చింది' అంటుంది. అప్పుడు నేను లేచి సమాధానం చెప్పలేను. ఆ కారు మెట్టెక్కాలి. మెట్టెక్కితే ఇంక మాట్లాడటానికి ఏం ఉండదు."

కారు బొమ్మ ఎంత బాగా చేసినా అందులో ఎవరు ఎక్కారో అది చెప్పదని నేను అనబోయాను. చదరంగం కప్పు గుర్తొచ్చి ఊరుకున్నాను.

నా పిచ్చి గురించి కొంచెం చెప్పాలి. పాత కార్లు, విమానాలు ముక్కలుగా డబ్బాలో వస్తాయి. వాటిని కిట్లు అంటారు. ముక్కలన్నీ ఒక చట్రానికి చింతకాయల్లా వేలాడుతుంటాయి. ఒక్కొక్కటే కోసి, అరగదీసి, అతికించి, రంగు వేస్తే అసలు బండికి అచ్చం చిన్న నకలు వస్తుంది. తిరువూరులో ఈ పని చేసేవాడిని నేనొక్కణ్ణే కాబట్టి పోటీ లేదు, గౌరవమూ లేదు. మా అమ్మ దృష్టిలో ఇది సిగరెట్ల కన్నా నయమైన అలవాటు.

ఇంటర్నెట్టు ముందు కూర్చున్నాను. ల్యాండ్‌మాస్టర్ కిట్టు ఒక పూటలో దొరుకుతుందనుకున్నాను. ప్రపంచంలో ఎవడూ చెయ్యలేదని తెలియడానికి ఒక పూట సరిపోయింది. ఒకే జర్మనీ కారుకి టైర్లు మార్చినప్పుడల్లా కొత్త కిట్టు ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యానికి వండిపెట్టిన బండికి కిట్టు ఉంది, గరిటెలతో సహా. పాడైపోయిన అమెరికా కారుకి, పాడైపోయినట్టే కనిపించే కిట్టు ఉంది. మన పక్క పల్లెల్లో దుమ్ము రేపి, డాక్టర్లనీ పెళ్ళికొడుకుల్నీ మోసిన కారుకి మాత్రం ఏమీ లేదు.

ఆలోచిస్తే ఎవరి తప్పూ కాదు. కిట్టు చెయ్యాలంటే అచ్చు పోయాలి, అచ్చు పోస్తే వేలల్లో అమ్ముడవ్వాలి. ఆ కారు గుర్తున్నవాళ్ళకి ముక్కలు కనపడవు. ముక్కలు కనపడేవాళ్ళకి ఆ కారు గుర్తులేదు. నాయనమ్మకి ఈ వ్యాపార సూత్రం వివరించాను. "మరి దిగులు దేనికి, నీకు ముక్కలు కనపడతాయి, నాకు కారు గుర్తుంది," అంది. ఎరువుల వ్యాపారం ఈవిడే చూసుకుని ఉంటే మేం ఈపాటికి ఫ్యాక్టరీ పెట్టేవాళ్ళం.

వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, మన ల్యాండ్‌మాస్టర్‌కి ఇంగ్లండులో ఒక అన్న ఉన్నాడు. అదే ఒళ్ళు, అదే నడుము, ముక్కు దగ్గర కొంచెం తేడా. ఆ అన్నకి ఎప్పుడో ఒక పెద్దాయన తన ఇంటి వెనక షెడ్డులో, చేత్తో అచ్చు పోసి కొన్ని కిట్లు చేశాడట. తర్వాత మానేశాడు. ఉన్నవి ఉన్నవాళ్ళ దగ్గర ఉండిపోయాయి. ఫోనులో మా కిట్ల పిచ్చివాళ్ళ గ్రూపు ఒకటుంది. అందులో అడిగాను, ఎవరి దగ్గరైనా ఉందా అని. బెజవాడ నుంచి ఒకాయన "నా దగ్గర ఉంది" అని పెట్టారు. నేను ఎగిరి గంతెయ్యబోతుండగా ఇంకో మెసేజ్ వచ్చింది. "ఇవ్వను."

బస్సెక్కి వెళ్ళాను. ఆయన బ్యాంకులో మేనేజరుగా రిటైరైన మనిషి. అప్పు అడగడానికి వచ్చినవాణ్ణి కూర్చోబెట్టినట్టే నన్నూ కూర్చోబెట్టారు. వాళ్ళావిడ కాఫీ తెచ్చారు. ఆయన కాసేపు నన్ను పరీక్షగా చూసి మొదలుపెట్టారు.

"ఏం చదువుకున్నావు బాబూ?"

"బీకాం అండి."

"ఏం చేస్తున్నావు?"

"నాన్నగారి షాపులో ఉంటున్నానండి."

ఆయన గొంతు తగ్గించారు. "జిగురు ఏది వాడతావు?"

నేను చెప్పాను. ఆయన తల పంకించి నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్ళారు. నేల నుంచి సీలింగు దాకా డబ్బాలు. ఒక్కటీ విప్పలేదు. అన్నిటికీ ప్లాస్టిక్ కవరు, కవరు మీద దుమ్ము తుడిచిన గుర్తులు. గది మధ్యలో మనిషి పక్కకి తిరిగి నడిచేంత దారి.

"వీటిలో ఎన్ని తయారుచేశారండి?"

"తయారుచెయ్యడం ఏంటి?" అన్నారు ఆయన.

"ఆయన ఏదీ విప్పరు నాయనా," అన్నారు ఆవిడ గుమ్మం దగ్గర నుంచి. "మా పెళ్ళికి వచ్చిన టీ కప్పులు కూడా ఇంకా అట్టపెట్టెలోనే ఉన్నాయి. నువ్వు తాగింది స్టీలు గ్లాసులో, చూశావుగా."

ఆయన ఆ మాట పట్టించుకోకుండా పైవరస నుంచి ఒక డబ్బా దించారు. పసిబిడ్డని పట్టుకున్నట్టు పట్టుకున్నారు. మూత మీద ఇంగ్లండు అన్న బొమ్మ. నా చేతికి మాత్రం ఇవ్వలేదు.

"నీకిస్తే ఏం చేస్తావు?"

"విప్పి, చేస్తానండి."

"విప్పితే ఏమవుతుంది? కారవుతుంది. కార్లు రోడ్డు మీద బోలెడున్నాయి. ఈ డబ్బా ఎక్కడుంది చెప్పు."

లేచి వచ్చేద్దామనుకుంటూ, మా నాయనమ్మ కొలువులో పెట్టుకుందామనుకుందండీ, అన్నాను. ఆయన ఆగారు.

"కొలువంటే, ఎన్నాళ్ళు పెడతారు?"

"నవరాత్రులు అయ్యేదాకానండి."

"తర్వాత?"

"తర్వాత ట్రంకు పెట్టెలోకండి. పాత పంచెల గుడ్డల్లో చుట్టి, మధ్యలో వేపాకు వేసి, అటక మీద పెడతారు. మళ్ళీ దసరా దాకా ఎవర్నీ ముట్టుకోనివ్వదు."

ఆయన ముఖంలో వెలుగు చూడాలి. ఏడాదంతా పెట్టెలో పెట్టి, నాలుగు రోజులు మాత్రం చూసుకునే మనుషులు ఈ లోకంలో ఉన్నారని, వాళ్ళు తిరువూరులో ఉన్నారని ఆయనకి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. "పాత పంచె గుడ్డలు," అని తనలో తాను ఒకసారి అనుకున్నారు. డబ్బా నా చేతిలో పెట్టారు. ఆయన తీసుకున్న ధర ఇంట్లో చెప్పలేదు, ఇక్కడా చెప్పను. ఖాళీ అట్టపెట్టె కూడా పారెయ్యకూడదని మాట తీసుకున్నారు. గేటు దాకా వచ్చిన ఆవిడ మాత్రం, "ఇంకేదైనా కావాలన్నా మొహమాటపడకు నాయనా, వారానికొకటి వచ్చి తీసుకుపో," అన్నారు.

షాపు వెనక గదిలో, బస్తాల మధ్య పని మొదలుపెట్టాను. ఇంగ్లండు అన్నని తమ్ముడిగా మార్చాలి. ముక్కు అరగదీశాను. ఫొటోలో ముత్తాత దయతలచి వదిలేసిన హెడ్‌లైటునీ బంపరునీ చూస్తూ మిగతాది పాత ప్రకటనల్లోంచి ఊహించాను. బంపరు మెరుపుకి విదేశీ రేకు తెప్పించాలట. పురుగుమందు డబ్బా మూత కింద అంటించి ఉండే వెండి రేకు వాడాను. ఆ బంపరు దగ్గరికి ఇంతవరకూ ఒక్క చీమ రాలేదు.

రంగు నాయనమ్మ చెప్పింది. "మీగడ రంగు. కాచిన పాల మీగడరా, పచ్చిపాలది కాదు." ఒంటి రంగు, టైర్ల అంచు తెలుపు, పైన సామాను పెట్టే ఇనప చట్రం, అన్నీ అడగ్గానే చెప్పింది. లోపలి సంగతులకి వచ్చేసరికి తేడా మొదలైంది.

"సీట్లు ఏ రంగు నాయనమ్మా?"

"సీట్లకి కవర్లుండేవి. తెల్ల లాంక్లాత్. ముందుదానికి ఒకటి, వెనకదానికి ఒకటి, వీపు వైపువి వేరే. అడుగున నాడాలు. ఎడమవైపు నాడా ఊరికే తెగేది. నీలిమందు పెట్టి ఆరేస్తే మల్లెపువ్వుల్లా ఉండేవి."

"కవర్ల కింద?"

"కింద సీట్లు."

"అద్దాలు ఎలా దించేవాళ్ళు?"

"అద్దాల సంగతి డ్రైవరు చూసుకునేవాడు. నువ్వు పని చూసుకో."

కోర్టులో అయితే కేసు అక్కడే తేలిపోయేది. నేను వకీలుని కాదు. మెడికల్ షాపులో దొరికే తెల్లటి కాగితం టేపుతో కవర్లు చేసి, నాడాలతో సహా అతికించి, పైకప్పు బిగించేశాను.

కొలువు పెట్టే రోజు పొద్దున కారు ఆవిడ చేతిలో పెట్టాను. జానెడు లేదు. దుమ్ము లేకపోయినా కొంగుతో తుడిచింది. కళ్ళజోడు సవరించుకుని, వెనక కిటికీలోంచి లోపలికి చాలాసేపు చూసింది.

"ఇంత చిన్నదా?"

"అసలుదాంట్లో ఇరవై నాలుగో వంతు."

"అది కాదురా. లోపల."

పై మెట్టు మీద అమ్మవారికి ఎడం పక్కన పెట్టింది. కింది మెట్టు మీద కూర్చున్న కిరాణా శెట్టిగారి బొమ్మ పొట్ట దానికన్నా పెద్దది. ఆయన కారుని ఫలహారంగా తెప్పించుకున్నట్టు ఉంది చూడటానికి.

పేరంటం రోజు సాయంత్రం హాలంతా నిండింది. ఎదురింటి టీచరుగారు అందరికన్నా ముందు వచ్చారు. చర్చిలో ఆదివారం పిల్లలకి కథలు చెబుతారు ఆవిడ. కొలువు చూడటానికి ఒక్క ఏడాదీ మానరు, ప్రశ్న అడక్కుండా వెళ్ళరు. ఇంకా ఎవరెవరో. అందరి చూపూ కారు మీద కన్నా వాకిలి మీద ఎక్కువగా ఉంది. చిన్న నాయనమ్మ ఇంకా రాలేదు.

వచ్చింది. పట్టుచీర కట్టుకుని వచ్చింది. చెప్పులు విడిచి, ఎవరినీ పలకరించకుండా తిన్నగా మెట్ల దగ్గరికి వెళ్ళి వంగి చూసింది. పాడుతున్న పాట ఎవరో మధ్యలో ఆపేశారు.

"ఎవడు చేశాడు?"

"నేనే చిన్న నాయనమ్మా."

"బాగుంది."

ఆవిడ నోట ఆ మాట ఇంతకుముందు మాలో ఎవరూ వినలేదు. మా అమ్మ గాభరాపడి మంచినీళ్ళు తెచ్చింది. నాయనమ్మ మాత్రం తాంబూలాల పళ్ళెం సర్దుతూ, తల ఎత్తకుండా, చెవులు మాత్రం ఇటు పెట్టి కూర్చుంది.

టీచరుగారికి ఈ కేసు సంగతి తెలియదు. మంచి మనసుతో అడిగారు. "సీట్లు మెత్తగా ఉండేవా అండీ?"

"మెత్తగా ఉండేవి," అంది నాయనమ్మ.

"గట్టిగా ఉండేవి," అంది చిన్న నాయనమ్మ.

రెండూ ఒకేసారి వచ్చాయి. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. టీచరుగారు ఏదో పొరపాటు జరిగిందనుకుని సర్దబోయారు. "మీరు ఎటువైపు కూర్చునేవారు, కిటికీ పక్కనా?"

చిన్న నాయనమ్మ మళ్ళీ వంగి కిటికీలోంచి చూసింది. తెల్ల కవర్లు చూసింది.

"నాడాలు కూడా పెట్టాడే," అంది. "ఎడమవైపుది తెగేది."

"తెగితే కుట్టింది నేను," అంది నాయనమ్మ.

"ఇస్త్రీ చేసింది నేను. బొగ్గుల పెట్టెతో. ముడత ఉంటే మామగారు మళ్ళీ వెనక్కి పంపేవారు."

"తెలుసు. మళ్ళీ ఉతికింది నేనేగా."

చిన్న నాయనమ్మ కారు ముందు నుంచి ఇటు తిరిగింది, మాకు కాదు, టీచరుగారికి చెబుతున్నట్టు.

"పసుపమ్మా. కొత్త కోడలంటే కాళ్ళకి పసుపు, చేతులకి పసుపు, చీరకి పసుపు. ఆ కవర్లేమో తెల్లవి. మామగారు మగవాళ్ళందర్నీ కారెక్కించి, నన్ను సామాన్లతో పాటు బస్సెక్కించారు. ఎ.కొండూరు దగ్గర కారు మమ్మల్ని దాటిపోయింది. మా ఆయన చెయ్యి కూడా ఊపాడు." తర్వాత కొంచెం నిటారుగా నిలబడి, "కొత్త పెళ్ళికూతుర్నని నాకు ముందు సీటిచ్చార్లే," అని చేర్చింది.

హాలులో ఉన్న చూపులన్నీ నాయనమ్మ మీదకి తిరిగాయి. కేసు గెలిచేసింది ఆవిడ. నోరు మూసుకుని కూర్చుంటే చాలు; తన కారు మెట్టు మీద ఉంది, ఎదుటి పార్టీ తనంతట తానే ఓడిపోయింది. కానీ కొలువు పెట్టిన రోజు పొద్దున నాయనమ్మ కిటికీలోంచి ఎలా చూసిందో నాకు గుర్తుంది.

"నాకు ముందు సీటు కూడా ఇవ్వలేదే," అంది నాయనమ్మ నెమ్మదిగా. "నిలబెట్టారు. విస్సన్నపేట దాటాక ఎవరో లేచి చోటిచ్చారు. ఒళ్ళో గంగాళం."

"గంగాళమా?"

"మా పుట్టింటివాళ్ళు పెట్టింది. కారు పైన కట్టించమంటే కారుకి సొట్ట పడుతుందన్నారు మామగారు. తిరువూరు దాకా ఒళ్ళోనే."

"నాకు ఈ సంగతి ఎప్పుడూ చెప్పలేదేం అక్కా."

"నువ్వు కారులో వచ్చానంటివి. ఇంక నేనేం చెబుతాను."

టీచరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "పోనీ ఆ తర్వాతయినా ఎక్కలేదా అండీ?" అన్నారు.

"తర్వాత మాత్రం పసుపు ఎక్కడికి పోతుందమ్మా," అంది చిన్న నాయనమ్మ.

బెజవాడ నుంచి డబ్బా తెచ్చి, ముక్కు అరగదీసి, నాడాలు అతికించి నేను తయారుచేసిన సాక్ష్యం చివరికి రెండు పార్టీలకీ పనికిరాకుండా పోయింది. మా నాన్న పరిస్థితి తేలిక చేద్దామని కాబోలు, "పోనీలే అమ్మా, ఇప్పుడు మన కారుందిగా, రేపు ఇద్దర్నీ తిప్పుతాను," అన్నాడు. ఇద్దరూ ఆయన్ని ఒక చూపు చూశారు. ఆయన వెళ్ళి చదరంగం కప్పు సర్దాడు.

చిన్న నాయనమ్మ బొటనవేలంత ఉన్న వెనక తలుపు మీద గోరు పెట్టి, మెల్లగా లాగి చూసింది.

"ఇది తెరుచుకోదా?"

"లేదు చిన్న నాయనమ్మా. అతికించేశాను."

"అయితే అచ్చం మన కారే," అంటూ నాయనమ్మ వైపు తిరిగింది.

నాయనమ్మకి నవ్వు ఆగలేదు. తాంబూలాల పళ్ళెం మా అమ్మ చేతిలో పెట్టేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడకి ఆనుకుని నవ్వింది. కళ్ళు తుడుచుకుంది. తర్వాత చాప మీద కొంచెం పక్కకి జరిగి, ఖాళీ అయిన చోటు చేత్తో తట్టింది.

"రా, కూర్చో," అంది. "దీనికి కవరు లేదులే."